చేపల గదికి సక్షన్ అక్యుములేటర్: ఒకటి తప్పు కొని, ఒకటి సరిగ్గా కొన్నాక

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. వస్తువుకి, అమ్మిన కొట్టుకి కలిపే. తగ్గించిన ఆ ఒక్కటీ పెయింటుకీ, పెట్టెలో లేని క్లాంపుకీ.

ముందు వస్తువేంటో చెప్పాలి. నిరుడు జూన్ దాకా నేనూ దీని పేరు వినలేదు. నల్ల పెయింటు వేసిన ఉక్కు డబ్బా. ఐదంగుళాల లావు, పద్దెనిమిది అంగుళాల ఎత్తు, నెత్తి మీద రెండు పైపు మొలకలు. చూడ్డానికి చిన్న గ్యాసు సిలిండర్‌కి తమ్ముడిలా ఉంటుంది. కోల్డ్ రూమ్‌లోంచి కంప్రెసర్‌కి తిరిగొచ్చే లావు పైపు (అదే సక్షన్ పైపు) మీద, కంప్రెసర్‌కి వీలైనంత దగ్గర్లో నిటారుగా నిలబెడతారు. గ్యాసుతో పాటు ద్రవం తిరిగొస్తే కంప్రెసర్‌లోకి పోనివ్వకుండా పట్టి ఉంచడం దీని పని. పక్కకి పడుకోబెడితే పనిచెయ్యదు. నాకు 4,600 పడింది, జీఎస్టీతో కలిపి.

మాది హైదరాబాద్‌లో ముషీరాబాద్ చేపల మార్కెట్ దగ్గర షెడ్డు. మా వైపు నుంచి, అంటే ఆకివీడు, భీమవరం నుంచి ఐసు పెట్టెల్లో దిగే రవ్వ, బొచ్చె ఏ పూటవి ఆ పూట పోతాయి. వాటికి గదితో పని లేదు. రొయ్యలకీ, వంజరానికీ, చందువాకీ మైనస్ 18 గది ఉంది. 5 హెచ్‌పీ సెమీ హెర్మెటిక్ కంప్రెసర్ (బోల్టులు విప్పి బాగుచేసుకునే రకం), 404ఏ గ్యాసు. గది కట్టినవాళ్ళు అక్యుములేటర్ పెట్టలేదు, పెట్టాలని నాకు తెలీదు. రెండేళ్ళు బాగానే నడిచింది.

పోయిన ఏడాది మృగశిర కార్తె నాలుగు రోజులుందనగా పోయింది. ఈ ఊళ్ళో కార్తె నాడు చేప వండని ఇల్లు తక్కువ. మాకు దసరా, సంక్రాంతి అన్నీ ఆ రెండు రోజులే. పొద్దున నాలుగింటికి షట్టర్ ఎత్తేసరికి కంప్రెసర్ దగ్గర డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపుతున్నట్టు చప్పుడు. మా కుర్రాడు స్విచ్ తీసేశాడు. గదిలోకి వెళ్ళి చూస్తే రెండు ఫ్యాన్లలో ఒకటి తిరగట్లేదు, గదిని చల్లబరిచే కాయిల్ మొత్తం మంచు గడ్డ. ఎప్పుడు ఆగిందో రాత్రి, ఎవరికి తెలుసు.

మెకానిక్ భాయ్ వచ్చి ఒత్తిడి కొలిచే గేజీలు రెండు పెట్టాడు. తక్కువ ఉండాల్సింది తగ్గట్లేదు, ఎక్కువ ఉండాల్సింది ఎక్కట్లేదు. "వాల్వ్ పోయిందక్కా" అన్నాడు చూస్తూనే. హెడ్ బోల్టులు విప్పి, వాల్వ్ ప్లేటు లేపి నా చేతిలో పెట్టాడు. దాని మీద ఉక్కు రేకు ఒకటి ఉంటుంది, మన చేతి గోరంత మందం కూడా ఉండదు, నిమిషానికి 1,400 సార్లకి పైగా తెరుచుకుని మూసుకునేది అదే. అది మూడు ముక్కలైంది. రెండు ముక్కలు ప్లేటు మీదే ఉన్నాయి. మూడోది పిస్టన్ నెత్తిలోకి దిగబడి ఉంది, చెక్కలో గాజు పెంకు దిగినట్టు. నూనె బూడిద రంగుకి తిరిగిపోయింది.

"ఫ్యాన్ ఆగితే కంప్రెసర్ ఎందుకు పోవాలి?" అన్నాను. నిజంగానే అర్థం కాలేదు నాకు.

"గ్యాస్ రావాల్సిన జాగలకెల్లి నీళ్ళ లెక్క వచ్చిందక్కా. గ్యాస్ అయితే నొక్కుడు పోతది. లిక్విడ్‌ని ఎట్ల నొక్కుతది?"

అంతే కథ. కాయిల్లోకి వెళ్ళిన ద్రవం గది గాలి వేడి తీసుకుని ఆవిరై రావాలి. ఫ్యాన్ ఆగితే గాలి ఆడదు, మంచు కప్పితే వేడి చేరదు. ద్రవం ద్రవంలానే తిరిగొచ్చేస్తుంది. పిస్టన్‌కి ఆవిరిని నలపడం వచ్చు, ద్రవాన్ని నలపడం రాదు. రేకు విరుగుతుంది, గ్రహచారం బాగోకపోతే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. విరగనప్పుడు కూడా నష్టమే. ద్రవం నూనెలో కలిసి దాన్ని పలచబరుస్తుంది, బేరింగుల మీద పొర కడిగేస్తుంది. స్టార్ట్ చెయ్యగానే సోడా బుడ్డి ఊపి మూత తీసినట్టు నూనె నురగ కట్టి పైకి పోతుంది.

వాల్వ్ ప్లేటు, గాస్కెట్లు, నూనె, గ్యాసు, కూలీ కలిపి 38 వేలు. సరుకు పక్క షెడ్డు వాళ్ళ ఫ్రీజర్లలో సగం, ఐసు దిమ్మల మధ్య సగం పెట్టి ఎలాగో గట్టెక్కాం. ఆ వారం లెక్కలు నేనింకా పూర్తిగా వేసుకోలేదు, వేస్తే బాధ.

అక్యుములేటర్ పెట్టమని భాయ్ అప్పుడే చెప్పాడు. జూలైలో మా కుర్రాణ్ణి సికింద్రాబాద్ రాణిగంజ్ పంపాను. మొదటి కొట్టులో వాడు "తొమ్మిది సూతుల పైపుకి అక్యుములేటర్ కావాలి" అన్నాడట (సూతంటే అంగుళంలో ఎనిమిదో వంతు). వాళ్ళు తొమ్మిది సూతుల మొలకలున్న డబ్బా తీసి ఇచ్చేశారు. నాలుగంగుళాల లావు, పదంగుళాల ఎత్తు, 2,300. భాయ్ ఊరెళ్ళాడు, వేరే ఎవరో అబ్బాయి వచ్చి బిగించి వెళ్ళాడు. పని అయిపోయిందనుకున్నాం.

సెప్టెంబర్ నుంచి కంప్రెసర్ పక్కనున్న గాజు కంట్లో నూనె తగ్గడం మొదలైంది. సగానికి ఉండాల్సింది, అడుగున గీతలా మిగిలింది. ఆ బిగించిన అబ్బాయి వచ్చి రెండుసార్లు నూనె పోశాడు. పోసిన నూనె ఎక్కడికి పోతోందని అతనూ అడగలేదు, నేనూ అడగలేదు. మూడోసారి భాయ్‌ని పిలిచాను. ఆయన నూనె డబ్బా ముట్టుకోలేదు. డబ్బాని స్పానర్‌తో పైనుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చాడు. ఎక్కడా గంట మోగినట్టు మోగలేదు, పైనుంచి కిందిదాకా నిండు బిందె చప్పుడే. గ్యాసు లాగేసి, డబ్బా కోసి తీసి బోర్లించాడు. ముప్పావు లీటరు పైనే నల్ల నూనె బడబడా కారింది.

పక్కనున్న వెల్డింగ్ షాపులో గ్రైండర్‌తో దాన్ని నిలువునా చీల్పించాను. భాయ్ నవ్వాడు గానీ, 2,300 పెట్టి కొన్నదాని లోపల ఏముందో చూడాలనిపించింది. మీరు కోసుకోనక్కర్లేదు, నేను చూసింది రాస్తాను. పైనుంచి వచ్చే పైపు అలాగే పైన ఆగిపోతుంది. బయటికి పోయే పైపు మాత్రం లోపల యూ ఆకారంలో అడుగుదాకా దిగి మళ్ళీ పైకి లేచి, డబ్బా నెత్తి దగ్గర నోరు తెరుచుకుని ఉంటుంది. వచ్చిన దాంట్లో బరువైన ద్రవం అడుక్కి పడుతుంది, ఆవిరి పైనున్న ఆ నోట్లోంచి కంప్రెసర్‌కి పోతుంది. కుండలో నీళ్ళు పోసి పైన తేలిన ఆవిరి మాత్రం పట్టుకున్నట్టు. ద్రవం అడుగున నెమ్మదిగా మరిగి ఆవిరై దారి పడుతుంది.

అడుగున చిక్కిన నూనె సంగతేంటి? దానికోసం యూ వంపు కింద ఒక రంధ్రం ఉంటుంది. మిల్లీమీటరంత. గుండుసూది మొన పడుతుంది, అంతే. పైపులో వేగంగా పోతున్న ఆవిరి ఆ రంధ్రంలోంచి నూనెని చుక్క చుక్కగా పీల్చుకుపోతుంది. అదే దారిలో కాస్త ద్రవం కూడా వెళ్తుంది గానీ చుక్కల లెక్కన, కంప్రెసర్ తట్టుకునేంత. రంధ్రానికి చుట్టూ సన్నటి జాలీ కప్పు. మా డబ్బాలో ఆ జాలీ కనబడనంతగా దాని మీద నల్లటి మడ్డి, మడ్డిలో మెరుస్తున్న ఉక్కు పొడి. విరిగిన వాల్వ్ రేకు తాలూకు రజను. రంధ్రం మూసుకుపోయింది, నూనె దారి పోయింది, డబ్బా నూనెతో నిండింది, ద్రవం దాచుకోవడానికి జాగా లేదు. ఆపదకి అడ్డం పడాల్సిన వస్తువే కంప్రెసర్ నోటి దగ్గర కూడు లాక్కుంది.

ఇందులో డబ్బా తప్పు సగమే. కంప్రెసర్ విరిగాక పైపులు కడిగించి, సక్షన్ ఫిల్టర్ పెట్టి, కొన్నాళ్ళు నడిపి ఆ ఫిల్టర్ మార్చాక ఇది పెట్టాల్సింది. అలా చెయ్యకపోవడం మొదటి తప్పు. కంప్రెసర్ మోటారు కాలిపోయిన కేసుల్లో అయితే పాత అక్యుములేటర్‌ని ఉంచుకోకూడదట, ఆమ్లం, మసి అంతా దాంట్లోనే చేరుతుంది. అది మాకు చెప్పినవాళ్ళు లేరు.

రెండో తప్పు అతుకు దగ్గర బయటపడింది. సబ్బు నురగ రాస్తే మొలక మొదట్లో బుడగలు. ఈ డబ్బాల్లో చాలావాటికి మొలకలు ఉక్కువే, పైన రాగి పూత ఉంటుంది. చూడ్డానికి రాగి పైపే అనిపిస్తుంది. రాగికి రాగి అతికే మామూలు కడ్డీలో భాస్వరం ఉంటుంది, ఉక్కు మీద అది పెళుసు అతుకు వేస్తుంది, అదురుకి పగులుతుంది. వెండి కలిసిన కడ్డీ, ఫ్లక్సు వాడాలి. వెండి కడ్డీ ధర వింటే గుండె ఝల్లుమంటుంది గానీ ఒక అతుక్కి వేలెడు ముక్క చాలు. మీరు కొనేటప్పుడు మొలక మీద అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే మెకానిక్‌కి ముందే చెప్పండి.

మూడో తప్పు అసలైనది, సైజు. ఈసారి నేనే వెళ్ళాను రాణిగంజ్. బస్ డిపో దాటాక లోపలి సందుల్లో బండి పెట్టే చోటు దొరకదు, ఆటోలో వెళ్ళడం మేలు. రెండో కొట్టు మెట్లు దిగి లోపలికి ఉంటుంది, బయట నుంచి చూస్తే రాగి పైపు చుట్టలు తప్ప ఏమీ కనబడవు. గల్లాలో పెద్దాయన ఉన్నారు. "తొమ్మిది సూతులకి" అని నేను నోరు తెరవగానే చెయ్యి అడ్డం పెట్టారు.

"పైపు తర్వాత అమ్మా. గ్యాసేది? గది ఎంత చల్లన? సిస్టమ్‌లో మొత్తం ఛార్జ్ ఎన్ని కిలోలు?"

భాయ్‌కి ఫోన్ చేసి అడిగాను. నింపిన గ్యాసు మొత్తం 9 కిలోలు.

"ఎక్స్‌పాన్షన్ వాల్వా, కేపిలరీయా?"

మాది ఎక్స్‌పాన్షన్ వాల్వ్, కాయిల్లోకి ద్రవాన్ని కావలసినంతే వదిలేది. అయితే ఛార్జ్‌లో కనీసం సగం పట్టాలి డబ్బాలో, అన్నారు. కేపిలరీ, అంటే సన్న గొట్టం, అయితే 70 శాతం దాకా చూసుకోవాలట, ఎందుకంటే దానికి ఎక్కువ తక్కువ తెలీదు, మిషన్ ఆగినా ద్రవం కారుతూనే ఉంటుంది. కెటలాగు తిప్పి వేలు పెట్టి చూపించారు. మొదటి కొట్టు ఇచ్చిన సైజు కిలోన్నర పైచిలుకు పడుతుంది. మాకు కావాల్సింది నాలుగున్నర. అంటే నేను బిందెడు నీళ్ళకి చెంబు కొనుక్కెళ్ళాను.

"అయితే ఇంకా పెద్దది ఇవ్వండి, ఒకేసారి పోతుంది" అన్నాను. ఇవ్వలేదు. అదే వరసలో ఒక్కో గ్యాసుకి, ఒక్కో చల్లదనానికి గరిష్ఠం ఎన్ని టన్నులో, కనిష్ఠం ఎన్ని టన్నులో (ఏసీల టన్నుల్లాగే చల్లబరిచే శక్తి లెక్క, బరువు కాదు) రెండూ ఉన్నాయి. మరీ పెద్దది పెడితే లోపల ఆవిరి వేగం చచ్చిపోయి నూనెని పీల్చలేదట. ఎక్కువ ధరది అమ్మగలిగే అవకాశం ఉన్నా వద్దన్న కొట్టుకి నేను మళ్ళీ వెళ్తాను. బిల్లు అడక్కుండానే ఇచ్చారు. ఒక్క షరతు: మొలకల మూతలు పీకితే వాపసు లేదు. తేమ లోపలికి పోకుండా ఆ మూతలు, న్యాయమే. 404ఏలో వాడే నూనె తేమని ఉప్పులా పీల్చుకుంటుంది.

బిగించిన రోజు భాయ్ పని దగ్గరుండి చూశాను. మా కుర్రాడు డబ్బా ఎత్తి పట్టుకుని అటుదిటు పెట్టబోయాడు. వచ్చేదేదో పోయేదేదో స్టిక్కర్ మీద ఉంది, స్టిక్కర్ పెట్టెలోనే ఊడి పడింది. నెత్తి మీద ఉక్కులో అచ్చు గుద్ది ఉంది గానీ పెయింటు కింద కనబడదు, వేలితో తడిమితే తగులుతుంది. తిప్పి పెడితే వచ్చే ద్రవం తిన్నగా యూ పైపులోకి దిగుతుంది, డబ్బా పెట్టీ లాభం లేదు. డబ్బాకి పక్కన ఇత్తడి ప్లగ్గు ఉంది, నిప్పంటుకుంటే కరిగి ఒత్తిడి వదిలేసే రకం. మంట దానికి తగలకుండా తడి గోనె చుట్టి, పైపులో నైట్రోజన్ వదులుతూ అతికాడు. చివర్లో నూనె కొద్దిగా కలిపాడు, డబ్బా అడుగున ఎప్పుడూ కొంత నిలిచి ఉంటుంది కాబట్టి.

వారం నడిపాక కంప్రెసర్ దగ్గర పైపుకి థర్మామీటర్ కట్టి కొలిచాడు. గేజీ లెక్కన గ్యాసు మరిగే చోటు మైనస్ 26, పైపు మైనస్ 14. మధ్య 12 డిగ్రీల తేడా. తేడా ఉందంటే వచ్చేది ద్రవం కాదు, పూర్తిగా ఆవిరేనని లెక్క. "గిది ఉంటే పరేషాన్ లేదక్కా. మూడు నాలుక్కి పడితే నాకు ఫోన్ కొట్టు" అన్నాడు. మా కుర్రాడు ఇప్పుడు రోజూ పొద్దున ఆ అంకె సుద్దతో గోడ మీద రాస్తాడు.

మొన్న మే నెలలో అసలు పరీక్ష వచ్చింది. మధ్యాహ్నం ఒక ఫ్యాన్ కెపాసిటర్ పోయింది. గంటన్నర దాకా మేం చూసుకోలేదు, చేపల లారీ దింపుకుంటున్నాం. తేడా 2కి పడిపోయి ఉంది, కంప్రెసర్ ఒంటి మీద పలచటి మంచు పట్టింది. చప్పుడు మాత్రం లేదు. చెవి పెట్టి విన్నాను, ఎప్పటి గుర్రే. భాయ్ వచ్చి డబ్బా మీద రబ్బరు తొడుగు కాస్త విప్పి స్పానర్‌తో కొట్టి చూపించాడు: పైన టంగ్ టంగ్, మూడొంతుల్లో రెండొంతులు కిందికి దబ్ దబ్. నాలుగంగుళాల డబ్బా అయితే ఎప్పుడో నిండి పొర్లేది. 38 వేల ఖర్చు రాకుండా 4,600 అడ్డం నిలబడింది. ఈసారి మృగశిర సాఫీగా జరిగింది, గదివల్ల ఒక్క ట్రే పోలేదు.

దీనితో అన్నీ తీరిపోతాయనుకుంటే పొరపాటు. ఫ్యాన్ ఆగిందని ఇది చెప్పదు, మంచు కరిగించే హీటర్ బాగుచెయ్యదు, మనకి టైమిస్తుంది. మిషన్ ఆగినప్పుడు గ్యాసు మెల్లగా చేరి కంప్రెసర్ నూనెలో కలిసిపోవడాన్ని కూడా ఆపదు, దానికి కంప్రెసర్ పొట్టకి బెల్టు హీటర్ వేరే కట్టించుకున్నాను. మా చెల్లెలి వాళ్ళకి అమీర్‌పేటలో హాస్టల్ ఉంది, మేడ మీద వేడి నీళ్ళకి హీట్ పంపు, బయటి గాలి వేడి లాగి నీళ్ళు కాచేది. అందులోనూ ఇదే డబ్బా ఉందని వెళ్ళి చూశాను, గ్యాసు దారి తిప్పే నాలుగు దారుల వాల్వ్‌కీ కంప్రెసర్‌కీ మధ్య. డిసెంబర్ తెల్లవారుజామున కాయిల్ మీద మంచు పడితే మిషన్ ఉల్టా తిరిగి కరిగించుకుంటుంది, ఆ తిరిగే క్షణంలో ద్రవం ఒక్కసారిగా వచ్చిపడుతుంది, అందుకు. అంతెందుకు, ఇంట్లో స్ప్లిట్ ఏసీ బయటి మిషన్ మూత తీస్తే కంప్రెసర్ చంకన చిన్న డబ్బా ఒకటి వేలాడుతుంటుంది. అదీ ఇదే జాతి. పదేళ్ళుగా ఏసీ వాడుతున్నాను, ఆ బిడ్డెవరని ఎప్పుడూ అడగలేదు.

ఇక ఫిర్యాదులు. పెయింటు పలచన. బిగించేటప్పుడే అడుగు అంచున రాలింది. చల్లటి ఉక్కు కదా, వానాకాలంలో చెమట ఆగకుండా పడుతుంది, గీత పడిన చోట తుప్పు మొదలవుతుంది, తొడుగు కింద తుప్పైతే బయటికి కనబడదు. నేను రాలిన చోట రెడ్ ఆక్సైడ్ కొట్టించి, నైట్రైల్ రబ్బరు తొడుగు అతుకుల్లేకుండా వేయించాను. ఏడాదికోసారి విప్పి చూడమన్నాడు భాయ్. క్లాంపు లేదు, స్టాండు లేదు. ఇంత బరువు డబ్బా పైపుల మీద వేలాడితే అదురుకి అతుకులే తెగుతాయి. ఆ మాత్రం ఇనప పట్టీ పెట్టెలో వేస్తే కంపెనీకి పోయేదేముంది? వెల్డింగ్ షాపులో 350కి చేయించాను.

ఆ కోసిన పాత డబ్బా రెండు చెక్కలూ షెడ్డులో తూకం పక్కనే పెట్టాను. పక్క షెడ్డువాళ్ళు ఈ నెల కొత్త గది కట్టిస్తున్నారు, వచ్చి చూసి వెళ్ళారు. వాళ్ళ ఛార్జ్ 6 కిలోలట. మూడు కిలోలు పట్టేది అడగమని చెప్పాను, రాణిగంజ్ ఆదివారం మూసి ఉంటుందని కూడా.